మూడు వేల రూపాయల్లో ముగ్గురు పిల్లలకు పోకెమాన్ డెక్కులు: ఏవి కొనాలి, ఎలా కొనాలి?

ప్రశ్న: కర్నూలు లెక్కల టీచరు

అందరికీ నమస్కారం. నేను కర్నూలులో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా అబ్బాయి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. ప్రతి వేసవికీ నంద్యాల నుంచి మా చెల్లెలి కూతుళ్లు ఇద్దరు మా ఇంటికి వస్తారు. ఉదయం పది దాటాక సాయంత్రం ఐదు దాకా ఈ ఎండకు పిల్లలను గడప దాటనివ్వలేము కనుక, ముగ్గురూ నీడపట్టున కూర్చుని ఆడుకునే ఆట ఏదైనా ఇంట్లో ఉండాలని నా కోరిక. పోయిన సెలవుల్లో వాళ్లకు పోకెమాన్ కార్డుల ఆట మీద మనసు పడింది. నియమాల పుస్తకం నేనూ చదివాను. దెబ్బలు కూడుతూ, ప్రాణాల అంకెల్లోంచి తీసివేస్తూ, ఎదుటివారి చేతిలో ఏముందో అంచనా వేస్తూ సాగే ఈ ఆట నాకు కూడా ఎంతో నచ్చింది.

అయితే కొనే దగ్గర రెండుసార్లు దెబ్బతిన్నాము. మొదట మా ఊళ్లో ఒక ఫ్యాన్సీ దుకాణంలో 250 రూపాయలకు 55 కార్డుల పెట్టె తెచ్చాను. అన్నీ బంగారు రంగులో ధగధగ మెరుస్తూ ఉన్నాయి. మా అబ్బాయి వాటిని చాప మీద వరుసగా పరిచి, దాడి చేయడానికి కావలసిన ఎనర్జీ కార్డుల కోసం వెతికాడు. మొత్తం పెట్టెలో ఒక్కటి కూడా లేదు. ఆటలో పోకెమాన్లకు సాయపడే ట్రైనర్ కార్డులూ లేవు. పైగా రెండు కార్డుల మీద పేర్లు తప్పుగా అచ్చయి ఉన్నాయి. అవి నకిలీవని వాడే నాకు చెప్పాడు, చెబుతున్నప్పుడు వాడి ముఖం చిన్నబోయింది.

రెండోసారి మా వారు హైదరాబాదు వెళ్లినప్పుడు అసలైన బూస్టర్ ప్యాకెట్లు ఐదు తెచ్చారు. వాటికి అయిన ఖర్చు రెండు వేలకు దగ్గర. యాభై కార్డులు వచ్చాయి, బొమ్మలు చాలా బాగున్నాయి, కానీ వాటితో ఒక్క డెక్ (ఒకరు ఆడడానికి కావలసిన కార్డుల కట్ట) కూడా కుదరలేదు. రెండో దశ కార్డు వస్తే దాని మొదటి దశ రాలేదు, మొదటి దశ వస్తే దాని కింద ఉండవలసిన మూల కార్డు రాలేదు. ఇంట్లో మా అత్తగారు ఈ కార్డులను చూసి, పేకముక్కలకు ఇంత డబ్బు పోయడం ఏమిటని బాధపడుతున్నారు. ఆవిడ మాటలో న్యాయం ఉందనే నాకు అనిపిస్తోంది, ఎందుకంటే ఏముందో తెలియని ప్యాకెట్టుకు నాలుగు వందలు ఇవ్వడం నాకూ మింగుడుపడడం లేదు.

ఈసారి నా దగ్గర మూడు వేల రూపాయలు ఉన్నాయి. పోటీలకు వెళ్లే ఉద్దేశం ఎవరికీ లేదు. ముగ్గురికీ తలా ఒక డెక్ ఉండాలి, ఒకరి డెక్ మరొకరి దాన్ని ప్రతిసారీ చిత్తు చేసేదిగా ఉండకూడదు, చిన్నమ్మాయి ఐదో తరగతి కనుక దానికి కూడా అర్థం కావాలి. ఈ డబ్బుతో ఇది సాధ్యమేనా? సాధ్యమైతే ప్యాకెట్లు కొనాలా, విడి కార్డులు కొనాలా, తయారు డెక్కులు కొనాలా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: తాడిపత్రి కుర్రవాడు

మేడం గారూ, నమస్తే. మాది అనంతపురం జిల్లా తాడిపత్రి, ఉద్యోగం బెంగళూరులో. ఆరేళ్లుగా ఈ ఆట ఆడుతున్నాను, పండుగలకు ఇంటికి వచ్చినప్పుడు మా అక్క పిల్లలకు నేర్పిస్తున్నాను. మీరు అడిగినది మూడు వేలలో తప్పకుండా సాధ్యమే. ప్యాకెట్ల వైపు మాత్రం ఇక చూడకండి.

మీరు లెక్కల టీచరు కనుక లెక్కతోనే చెబుతాను. 2023లో స్కార్లెట్ అండ్ వయొలెట్ అనే కార్డుల వరుస మొదలైనప్పటి నుంచి ఇంగ్లీషు బూస్టర్ ప్యాకెట్టులో పది ఆట కార్డులు ఉంటున్నాయి: నాలుగు కామన్ (తరచుగా వచ్చేవి), మూడు అన్‌కామన్ (కాస్త అరుదైనవి), మిగిలిన మూడు మెరుపు కార్డులు (మెరిసే రేకు పొర ఉన్నవి). ఒక సెట్టులో, అంటే ఒకే పేరుతో విడుదలైన కార్డుల గుంపులో, 80 కామన్ కార్డులు ఉన్నాయనుకుందాం. మీకు కావలసిన ఫలానా కామన్ కార్డు ఒక ప్యాకెట్టులో దొరికే అవకాశం సుమారు ఇరవైలో ఒకటి. డెక్కులో అదే కార్డు నాలుగు ఉండాలంటే సగటున 80 ప్యాకెట్లు విప్పాలి. మెరుపు కార్డుల్లో కూడా అది అప్పుడప్పుడు వస్తుంది కనుక లెక్క కొంత తగ్గవచ్చు, అయినా పదుల ప్యాకెట్లు తప్పవు. అదే కార్డు విడిగా నేను పది రూపాయలకు కొన్నాను. నాలుగు కావాలంటే నలభై రూపాయలు. మీ అత్తగారి బాధకు సరైన సమాధానం కూడా ఇదే: ప్యాకెట్ కొనడం అదృష్టం మీద పందెం, విడి కార్డు కొనడం మాత్రం అంగట్లో కావలసిన సరుకు చూసి కొనుక్కోవడం. పుట్టినరోజుకు ఒక ప్యాకెట్ ఇచ్చి విప్పే సంబరం పిల్లలకు మిగల్చండి, డెక్ కోసం మాత్రం వద్దు.

రెండో సంగతి ధరలకు సంబంధించినది. ఈ ఆటలో కార్డు ధరను దాని బలం కంటే దాని బొమ్మ ఎక్కువగా నిర్ణయిస్తుంది. 2023లో వచ్చిన ‘151’ అనే సెట్టులో చారిజార్డ్ ఈఎక్స్ కార్డునే తీసుకోండి. 6/165 సంఖ్యతో ఒక అచ్చు ఉంది, 199/165 సంఖ్యతో మరొక అచ్చు ఉంది. ప్రాణాలు రెండింటికీ 330, దాడులు రెండింటిలోనూ అవే, ఆటలో రెండూ ఒకటే. కానీ రెండోది సేకరించేవాళ్లు వెంటపడే ప్రత్యేక చిత్రం కనుక దాని ధర మొదటి దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. కార్డు సంఖ్యలో గీతకు ముందున్న అంకె గీత తరువాతి అంకెను మించితే అది అరుదైన అచ్చు అని గుర్తుపట్టవచ్చు. ఆడుకునేవాళ్లు ఎప్పుడూ చవకైన అచ్చునే అడగాలి. అల్ట్రా బాల్, రేర్ క్యాండీ, ప్రొఫెసర్స్ రీసెర్చ్, స్విచ్ వంటి ట్రైనర్ కార్డులను కంపెనీ మళ్లీ మళ్లీ అచ్చువేసింది కనుక వాటి పాత అచ్చులు చాలా చవకగా దొరుకుతాయి.

ఇక మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించినది, ఒక డెక్ మరొక దాన్ని ప్రతిసారీ చిత్తు చేయకూడదన్న మాట. కొత్తగా కొనేవాళ్లు మంచి కార్డులు ఏవని అడుగుతారు, కానీ ఇంటి ఆటకు కావలసింది సమానమైన డెక్కులు. మా అక్క కొడుక్కి నేను మొదటి సంవత్సరం ఒక బలమైన ఈఎక్స్ డెక్ ఇచ్చి, వాడి చెల్లికి మామూలు డెక్ ఇచ్చాను. మూడో రోజుకల్లా ఆ పిల్ల ఆట మానేసింది. ఆ తప్పు నాదే. కాబట్టి కొనే ముందే ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకోండి: పేరు చివర ఈఎక్స్, వీ వంటి అక్షరాలు ఉన్న కార్డులు ఎవరి డెక్కులోనూ ఉండకూడదు. అలాంటి కార్డు పడిపోతే ఎదుటివారు కనీసం రెండు ప్రైజ్ కార్డులు (ఆట మొదట్లో పక్కన పెట్టుకునేవి, ముందుగా అన్నీ తీసుకున్నవారిదే గెలుపు) తీసుకుంటారు, మామూలు పోకెమాన్ పడితే ఒకటే. మొత్తం ఆరు ప్రైజ్ కార్డులే కనుక, అందరూ ఒక ప్రైజ్ పోకెమాన్లతోనే ఆడితే ఆట నిదానంగా సాగుతుంది, వెనుకబడినవారు కోలుకునే వీలుంటుంది, ఖర్చూ బాగా తగ్గుతుంది.

రంగుల ఎంపికలో కూడా ఒక జాగ్రత్త ఉంది. ప్రతి పోకెమాన్ కార్డు అడుగున దాని బలహీనత అచ్చయి ఉంటుంది, ఆ రకం పోకెమాన్ కొడితే దెబ్బ రెట్టింపు అవుతుంది. నిప్పు రకానికి సాధారణంగా నీరు బలహీనత, నీటి రకానికి విద్యుత్తు (లైట్నింగ్) బలహీనత. పిల్లలకు ఇష్టమని ఒకరికి నీటి రకం గ్యారడోస్, ఇంకొకరికి విద్యుత్తు రకం రైచు ఇచ్చారంటే గ్యారడోస్ పట్టుకున్న పిల్ల రోజూ ఏడుస్తుంది. నా సలహా ఏమిటంటే నిప్పు, విద్యుత్తు, సైకిక్ (మానసిక శక్తి) ఈ మూడు రకాలు తీసుకోండి. ఇప్పటి కార్డుల్లో వీటిలో ఏదీ మరొక దానికి బలహీనత కాదు. నిప్పుకు గ్రౌలిత్, దాని నుంచి ఆర్కనైన్. విద్యుత్తుకు పికాచు, దాని నుంచి రైచు. సైకిక్‌కు డ్రౌజీ, దాని నుంచి హిప్నో. ఇవన్నీ రెండు మెట్లలో ముగిసే జంటలు కనుక చిన్నమ్మాయికి కూడా సులువు. మూడు మెట్ల పోకెమాన్ల జోలికి మొదటి సంవత్సరం పోవద్దు. కొనే ముందు ఆ ఫలానా అచ్చు అడుగున ఉన్న బలహీనత గుర్తును తప్పక చూడండి, పాత సైకిక్ కార్డుల్లో అది వేరుగా ఉంటుంది.

డెక్కులో సరిగ్గా 60 కార్డులు ఉండాలి, బేసిక్ ఎనర్జీ తప్ప ఒకే పేరున్న కార్డు నాలుగుకు మించకూడదు. నేను 18 పోకెమాన్, 12 ఎనర్జీ, 30 ట్రైనర్ కార్డులు పెడతాను. ఖర్చంతా ఆ ముప్పై దగ్గరే ఉంటుంది. మీకు అక్కడ ఒక సౌకర్యం ఉంది. పిల్లలు ముగ్గురే కనుక ఒక సమయంలో ఆడేది ఇద్దరే, మూడోవాళ్లు చూస్తూ ఉంటారు. అందువల్ల ట్రైనర్ కట్టలు మూడు అవసరం లేదు, రెండు చాలు. పోకెమాన్, ఎనర్జీ కలిపి ముప్పై కార్డుల కట్ట ఎవరిది వారి దగ్గర ఉంటుంది. ఆడబోయే ఇద్దరూ తలా ఒక ట్రైనర్ కట్ట కలుపుకుంటారు, ఆట అయ్యాక విడదీసి పెడతారు. మా ఇంట్లో ఇలాగే చేశాము. ఒక్కో ట్రైనర్ కట్టకు సుమారు 700 రూపాయలు, ఒక్కో పోకెమాన్ కట్టకు 300 లోపు అయింది. మీకు కూడా మూడు వేలలో తపాలా ఖర్చు పోను స్లీవుల (కార్డులకు వేసే ప్లాస్టిక్ తొడుగుల) డబ్బు కూడా మిగలాలి.

కొనడం మన దేశంలోనే విడి కార్డులు అమ్మేవారి దగ్గర కొనండి. విదేశాల నుంచి తెప్పిస్తే తపాలా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిసి పది రూపాయల కార్డును వంద రూపాయల కార్డుగా మారుస్తాయి. ఒక్కో అమ్మకందారు దగ్గర నాలుగేసి కార్డులు కాకుండా, జాబితా అంతా ముందే రాసుకుని, ఎక్కువ కార్డులు ఎవరి దగ్గర ఉన్నాయో వారి దగ్గరే ఒక్కసారిగా తీసుకుంటే పార్శిలు ఖర్చు ఒక్కసారే పడుతుంది. కార్డు స్థితి దగ్గర నియర్ మింట్ (దాదాపు కొత్తది) అవసరం లేదు, లైట్లీ ప్లేడ్ (కాస్త వాడినది) అడగండి. అంచు కాస్త తెల్లబడిన కార్డు స్లీవులో పడ్డాక కొత్త దానికి తేడా తెలియదు.

జవాబు: దేవుని కడప

టీచర్ గారికి నమస్కారం. తాడిపత్రి తమ్ముడు చెప్పినది చాలావరకు నాకు సమ్మతమే. అయితే డెక్కులు విడివిడిగా కట్టడం ఒక్కటే దారి కాదని చెప్పడానికి రాస్తున్నాను. నేను కడపలో బ్యాంకు ఉద్యోగిని, ఆడేది మ్యాజిక్: ది గ్యాదరింగ్. రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించగా 1993లో వచ్చిన ఈ ఆటే ఈ తరహా కార్డు ఆటలన్నిటికీ మొదలు. మా ఇంట్లో నేను, మా తమ్ముడు, ఎదురింటి దంపతులు ఆదివారాలు కూర్చుంటాము. మాలో ఎవరికీ సొంత డెక్ లేదు. ఉన్నది ఒకే పెట్టె.

ఆ పెట్టెలో 180 కార్డులు ఉన్నాయి, ఏ కార్డూ రెండోది లేదు. అన్నీ కామన్ స్థాయి కార్డులే. ఆడేటప్పుడు తలా 45 కార్డులు వచ్చేలా పదిహేనేసి కార్డుల కట్టలుగా పంచుకుంటాము. ప్రతివారూ తన కట్టలో ఒక కార్డు తీసుకుని మిగతా కట్ట పక్కవారికి అందిస్తారు. అలా అన్నీ అయిపోయాక ఎవరికి వారు 23 కార్డులు ఎంచుకుని, వాటికి 17 ల్యాండ్ కార్డులు (మిగతా కార్డులు ఆడడానికి శక్తినిచ్చేవి) కలిపి, 40 కార్డుల డెక్ కట్టుకుంటారు. ఆట ముగిశాక అన్నీ తిరిగి పెట్టెలోకి వెళతాయి. ఒకరి డెక్ గొప్పది, ఒకరిది తక్కువది అన్న గొడవే రాదు, ఎందుకంటే అందరూ ఒకే కుండలోది వడ్డించుకున్నవారే. ప్రతి కార్డూ ఒకటే చాలు కనుక నాలుగేసి కొనవలసిన పని లేదు. మా పెట్టెకు ల్యాండ్లతో కలిపి రెండు వేలకు కాస్త తక్కువ అయింది, మూడేళ్లుగా అదే పెట్టెతో ఆడుతున్నాము.

కామన్ కార్డులంటే బలం లేనివని ఎవరూ అనుకోవద్దు. లైట్నింగ్ బోల్ట్, కౌంటర్‌స్పెల్, లానోవార్ ఎల్వ్స్ వంటి పేరెన్నికగన్న కార్డులు కామన్‌గా అచ్చయినవే. కామన్ కార్డులతో మాత్రమే ఆడే పాపర్ అనే పద్ధతికి అధికారిక గుర్తింపు కూడా ఉంది. స్క్రైఫాల్ అనే వెతికే సైటులో కామన్ కార్డులను మాత్రమే, రంగు ప్రకారం, ధర ప్రకారం వడపోసి చూడవచ్చు. నా జాబితా అంతా అక్కడే తయారు చేసుకున్నాను.

మీ పిల్లలకు పోకెమాన్ మీద మనసుంది కనుక ఆట మార్చమని చెప్పను. పైగా మ్యాజిక్ కార్డుల మీద ఇంగ్లీషు వాక్యాలు పెద్దవి, ఐదో తరగతి పాపకు కష్టం. మీ అబ్బాయి ఇంకొంచెం ఎదిగాక ఈ పద్ధతిని గుర్తుపెట్టుకోండి.

ఒక హెచ్చరిక మాత్రం ఇప్పుడే చెప్పాలి. వెయ్యి కార్డులు ఇంత ధర అని కట్టలుగా అమ్మే బల్క్ సరుకు మీ కంటపడుతుంది. ఒక్కో కార్డు రూపాయికో రెండు రూపాయలకో వస్తుందని ఆశ పుడుతుంది. నేను అలా ఒకసారి కొన్నాను. డాబా మీద దుప్పటి పరిచి ఇద్దరం రెండు సాయంత్రాలు వేరు చేస్తే, ఒకే కార్డు ముప్పై ఒకటి ఉన్నట్లు తేలింది. అమ్మేవాళ్లు పనికొచ్చేవి ముందే తీసేసుకుని మిగిలినవి కట్ట కడతారు. ఎన్ని వేర్వేరు కార్డులు ఉన్నాయో, ట్రైనర్లు ఎన్నో అడిగి, ఫొటోలు చూసి, అప్పుడే కొనాలి. డెక్ కట్టడానికి మాత్రం అది దారి కాదు.

యూగీఓ అనే మరో కార్డు ఆట ఆడేవారు ఎవరైనా ఇది చదువుతుంటే వారికి ఒక మాట. ఆ ఆటలో ఒకే కార్డు మూడు దాకా పెట్టుకోవచ్చు కనుక, ఒకే స్ట్రక్చర్ డెక్ (కంపెనీ ముందే కట్టి అమ్మే డెక్) మూడు పెట్టెలు కొంటే ముఖ్యమైన కార్డులన్నీ మూడేసి వస్తాయి. విడి కార్డులు వెతుక్కోవడం కంటే అక్కడ అదే తేలిక.

జవాబు: బళ్లారి చౌరస్తా

అమ్మా, నేనూ కర్నూలు వాడినే. డబ్బు పెట్టే ముందు రెండు వారాలు కాగితం కార్డులతో ఆడించి చూడండి. పోకెమాన్ కార్డు కొలత 63 మిల్లీమీటర్లు, 88 మిల్లీమీటర్లు. ఏ4 కాగితం మీద అడ్డంగా మూడు, నిలువుగా మూడు, మొత్తం తొమ్మిది కార్డులు సరిపోతాయి. పేరు, దాడి, అంకెలు చదవడానికి వీలుంటే నలుపు తెలుపు జిరాక్సు కూడా చాలు. కత్తిరించి, స్లీవులో ఒక మామూలు కార్డు ముందు పెడితే గట్టిగా నిలుస్తుంది. మీ దగ్గర ఐదు ప్యాకెట్ల నుంచి వచ్చిన యాభై కార్డులు ఉన్నాయి కదా, అవి దీనికి పనికొస్తాయి.

తాడిపత్రి అన్న చెప్పిన మూడు డెక్కులూ ఇలా కట్టి ఆడించండి. ఏ పిల్లకు ఏ డెక్ నచ్చింది, ఏ కార్డు ఎప్పుడూ చేతిలోనే మిగిలిపోతోంది అన్నది ఆ రెండు వారాల్లో తెలుస్తుంది. ఆ తరువాత నచ్చినవి మాత్రమే అసలువి కొనండి. మీ అబ్బాయి దగ్గర ఫోను ఉంటే పోకెమాన్ టీసీజీ లైవ్ అనే అధికారిక ఆట ఉచితంగా ఉంది. మీ ప్యాకెట్లలో వచ్చిన కోడ్ కార్డులను అందులో వాడుకోవచ్చు.

ఒక విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. ఇంట్లో చేసుకున్న కాగితం కార్డును ఎవరికీ అమ్మకూడదు, అసలు కార్డుకు మారుగా ఇవ్వకూడదు, పోటీలకు తీసుకెళ్లకూడదు. చూసిన వెంటనే కాగితమని తెలిసేలా ఉంటేనే అది నిజాయతీ. మిమ్మల్ని మోసం చేసిన బంగారు పెట్టెకు, దీనికి ఉన్న తేడా అదే. పిల్లలకు కూడా ఆ తేడా చెప్పి చేయించండి.

కర్నూలు లెక్కల టీచరు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మా అబ్బాయి మీ జవాబులన్నీ నాకు చదివి వినిపించాడు. ఎనభై ప్యాకెట్ల లెక్కను మా అత్తగారికి కూడా వివరించాము. పేకాట వేరు, ఇది వేరు అని ఆవిడ ఇప్పుడు ఒప్పుకున్నారు, ప్యాకెట్లు కొనవద్దన్న షరతు మీద.

రెండు సందేహాలు మిగిలాయి. విడి కార్డులు పార్శిలులో వచ్చినప్పుడు అవి అసలువో కాదో ఎలా తెలుసుకోవాలి? బంగారు కార్డులంటే చూడగానే తెలిసింది, కానీ మామూలు కాగితపు నకిలీలు కూడా ఉంటాయని మా అబ్బాయి అంటున్నాడు. రెండోది స్లీవుల సంగతి. కొలతలు చాలా రకాలు కనిపిస్తున్నాయి. మా ఇంట్లో ఒక మెరుపు కార్డు వారం రోజులకే విల్లులా వంగిపోయింది, అది కూడా నకిలీదేనా?

జవాబు: తాడిపత్రి కుర్రవాడు

మేడం గారూ, వంగిన కార్డు గురించి ముందు చెబుతాను, పిల్లలు బెంగపడి ఉంటారు. అది అసలుదే అయి ఉండవచ్చు. మెరుపు కార్డులో ముందు వైపు రేకు వంటి పొర, వెనుక కాగితం ఉంటాయి. మన సీమ ఎండలకు కాగితంలోని తేమ ఆరిపోయి అది ముడుచుకుంటుంది, రేకు పొర ముడుచుకోదు, అందుకే కార్డు వెనక్కి వంగుతుంది. వానాకాలంలో దీనికి వ్యతిరేక దిశలో వంగుతుంది. స్లీవులో వేసి, బరువైన పుస్తకాల మధ్య కొన్ని రోజులు ఉంచితే చాలావరకు సరి అవుతుంది. కానీ డెక్ కోసం కొనేటప్పుడు మెరుపు లేని అచ్చులే అడగండి. అవి చవక, పైగా కట్టలో ఒక్క కార్డు మాత్రం వంగి ఉంటే తీయకముందే అది ఏదో అందరికీ తెలిసిపోతుంది.

నకిలీలను పట్టడానికి మీ దగ్గర ఇప్పటికే మంచి సాధనం ఉంది. హైదరాబాదు ప్యాకెట్ల నుంచి వచ్చిన ఒక మామూలు కామన్ కార్డును నమూనాగా పక్కన పెట్టుకోండి. గది చీకటి చేసి, నమూనా కార్డు వెనుక ఫోను టార్చి పెట్టి ఎంత వెలుతురు ఇవతలకు వస్తుందో చూడండి. అసలు కార్డులో రెండు కాగితపు పొరల మధ్య నల్లటి పొర ఉంటుంది కనుక వెలుతురు తక్కువగా వస్తుంది. చాలా నకిలీలలో ఆ పొర ఉండదు, కార్డు లాంతరు చిమ్నీలా వెలిగిపోతుంది. అంచును పక్క నుంచి దగ్గరగా చూసినా ఆ నల్లని సన్నటి గీత కనిపిస్తుంది. తరువాత వెనుక వైపు నీలం రంగును నమూనాతో పోల్చండి, నకిలీలలో అది వెలిసినట్లో ఊదా రంగుకు తిరిగినట్లో ఉంటుంది. అక్షరాల లావు, ఎనర్జీ గుర్తుల పరిమాణం కూడా సరిచూడండి. ఏ ఒక్క పరీక్షతోనూ తీర్పు చెప్పవద్దు, రెండు మూడు కలిస్తేనే చెప్పండి. మెరుపు కార్డును మెరుపు కార్డుతోనే పోల్చాలి, దాని రేకు వెలుతురును వేరుగా ఆపుతుంది.

పది రూపాయల కామన్ కార్డుకు నకిలీ చేసి ఎవరికీ లాభం లేదు కనుక, మీరు కొనబోయే జాబితాలో ఈ భయం చాలా తక్కువ. ఖరీదైన కార్డు ఎక్కడైనా సగం ధరకు కనిపిస్తే అక్కడ జాగ్రత్తపడాలి.

స్లీవులలో స్టాండర్డ్ కొలతవి తీసుకోండి, పోకెమానుకూ మ్యాజిక్కుకూ అవే. చిన్న కొలతవి యూగీఓ కోసం, ఆ కార్డులు 59, 86 మిల్లీమీటర్లే కనుక వాటికి వేరు. మీరు ట్రైనర్ కట్టలు మార్చుకుంటూ ఆడతారు కాబట్టి అన్ని కార్డులకూ ఒకే రంగు, ఒకే కంపెనీ స్లీవులు ఉండాలి. వెనుక వైపు ముదురు రంగు ఉన్నవి కొనండి, పారదర్శకమైనవి వద్దు. మీ కార్డులు మొత్తం 150. చిరిగిన స్లీవులకు మారుగా ఇరవై అదనంగా ఉంచుకోండి.

కర్నూలు లెక్కల టీచరు

నమస్కారం. నెల దాటింది, ఏం చేశామో చెప్పకపోతే సలహా ఇచ్చినవారికి న్యాయం చేసినట్లు కాదు.

బళ్లారి చౌరస్తా బాబు చెప్పినట్లు ముందు పదిహేను రోజులు జిరాక్సు కార్డులతో ఆడించాను. కత్తిరించే పని పిల్లలే చేశారు. ఆ పదిహేను రోజుల్లో రెండు మార్పులు జరిగాయి. చిన్నమ్మాయి హిప్నోను వదిలి పికాచు డెక్ కావాలంది, పెద్దమ్మాయి సంతోషంగానే హిప్నో తీసుకుంది. రెండు మెట్ల పోకెమాన్లే కనుక, మూడు మెట్ల వాటిలో మధ్య మెట్టు దాటించే రేర్ క్యాండీ ఒక్కసారి కూడా పనికిరాలేదు, జాబితా నుంచి దాన్ని కొట్టేసి స్విచ్ పెంచాము. అవి ముందే కొని ఉంటే ఆ డబ్బు వృథా అయ్యేది.

తరువాత జాబితా అంతా ఒకే అమ్మకందారుకు పంపాము. ఆయన దగ్గర లేని ఆరు కార్డులు ఇంకొకరి దగ్గర తీసుకున్నాము. కార్డులకు 2,140, రెండు పార్శిళ్లకు 160, స్లీవులకు 450, మొత్తం 2,750 రూపాయలు అయింది. పార్శిలు వచ్చిన రాత్రి గదిలో దీపం ఆర్పి, ముగ్గురూ తలగడల మధ్య బోర్లా పడుకుని, ఒక్కో కార్డు వెనుక టార్చి పెట్టి చూశారు. అన్నీ నమూనా కార్డులాగే ఉన్నాయి. బంగారు పెట్టెలోని కార్డును కూడా పక్కన పెట్టి చూశారు, తేడా వాళ్లకు స్పష్టంగా తెలిసింది.

డెక్కులు కట్టాక లెక్కపెడితే మా అబ్బాయి దాంట్లో 59 కార్డులే ఉన్నాయి, బాసెస్ ఆర్డర్స్ అనే ట్రైనర్ కార్డు ఒకటి తక్కువ వచ్చింది. అమ్మకందారుకు రాశాము, పంపుతామన్నారు. అది వచ్చేదాకా దాని స్థానంలో ఒక జిరాక్సు కార్డు పెట్టుకుని ఆడుతున్నాడు.